క్వాంటం ఇంజనీరింగ్‌లో ఈ రోజు పనిచేస్తున్నవి ఏవి? ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) విద్యార్థికి అక్కడ చేతిపని ఉందా?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న:

నమస్కారం. విజయవాడకు దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతున్నాను. అమరావతిలో క్వాంటం వ్యాలీ వస్తుందని, అందులో 156 క్యూబిట్ల (మామూలు కంప్యూటర్‌లో బిట్ లాంటివి) హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం వారి సిస్టమ్ టూ క్వాంటం కంప్యూటర్‌ను నెలకొల్పుతారని 2025లో ప్రకటించినప్పటి నుంచి మా పిల్లల నోట ఇదే మాట. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ కూడా క్వాంటం టెక్నాలజీలలో మైనర్ కోర్సుకు పాఠ్యప్రణాళిక ఇచ్చింది కాబట్టి, దానిని మా దగ్గర త్వరగా మొదలుపెట్టాలని యాజమాన్యం పట్టుదలగా ఉంది.

నా ఇబ్బంది ఏమిటంటే, ఇంతవరకు మా దగ్గర జరిగిన వర్క్‌షాపులన్నీ ల్యాప్‌టాప్ తెర మీద హడమార్డ్, సీనాట్ అనే క్వాంటం గేట్లు పేర్చి, చివర ఒక బార్ గ్రాఫ్ చూపించడంతో ముగిశాయి. అది ప్రోగ్రామింగ్ పాఠమే గాని ఇంజనీరింగ్ పాఠం అనిపించుకోదు. యాంటెన్నాలు, సిగ్నల్ ప్రాసెసింగ్ చదివి, మైక్రోవేవ్ ల్యాబు చేసిన విద్యార్థికి ఈ రంగంలో చేతిపని ఎక్కడ దొరుకుతుంది? పెద్ద క్వాంటం కంప్యూటర్ వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేకుండా, ఈ రోజు నిజంగా ఎవరికో ఒకరికి ఉపయోగపడుతున్న క్వాంటం పరికరాలు ఏమున్నాయి? ఈ రంగంలో పనిచేస్తున్నవారు ప్రచారాన్ని పక్కనపెట్టి చెప్పగలరని ఆశిస్తున్నాను.

సూక్ష్మతరంగం ఇచ్చిన సమాధానం:

కృష్ణాతీరం గారూ, నేను చదివింది ఈసీఈయే. ఇప్పుడు నెదర్లాండ్స్‌లో అతివాహక (సూపర్‌కండక్టింగ్) క్యూబిట్ల మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో ఉన్నాను. మీ మొదటి ప్రశ్న గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే నేను రోజూ చేసే పని అదే.

ఈ రకం క్యూబిట్‌లో ప్రధాన భాగం జోసెఫ్సన్ సంధి, అంటే రెండు అల్యూమినియం పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొర. దానికి ఒక కెపాసిటర్‌ను జతచేస్తే, ఆ వలయం మొత్తం ఒక్క పరమాణువు లాగా విడివిడి శక్తి స్థాయిలను చూపుతుంది. జోసెఫ్సన్ సంధి ఉన్న విద్యుత్ వలయంలో ఈ గుణాన్ని 1984, 85 సంవత్సరాలలో బర్కిలీలో ప్రయోగపూర్వకంగా చూపినందుకే జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకు 2025లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. క్యూబిట్ కింది రెండు స్థాయిల మధ్య తేడా సాధారణంగా 4 నుంచి 6 గిగాహెర్ట్జ్ ఉంటుంది. మీ మైక్రోవేవ్ ల్యాబులో సీ బ్యాండ్ అని చెప్పేది ఇదే.

ఇక అసలు చిక్కు. 5 గిగాహెర్ట్జ్ ఫోటాన్ శక్తిని ఉష్ణోగ్రతగా లెక్కగడితే 0.24 కెల్విన్ మాత్రమే వస్తుంది. గదిలో ఉన్న సిగ్నల్ జనరేటర్ నుంచి చిప్ వరకు ఒక మామూలు కోయాక్సియల్ కేబుల్ వేశారనుకోండి, 300 కెల్విన్ల దగ్గరి ఉష్ణ శబ్దం వల్ల ఆ పౌనఃపున్యం వద్ద సగటున 1,250 ఫోటాన్లు ఆ తీగలో ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి. క్యూబిట్ నిలకడగా ఉండాలంటే ఆ సంఖ్య వెయ్యోవంతుల స్థాయికి దిగాలి. చిప్ ఉండేది డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అనే అతిశీతల యంత్రం అట్టడుగున, ఆ యంత్రం అంతస్తులుగా కిందికి పోయేకొద్దీ మరింత చల్లబడుతుంది. అందుకని దారిలో మొత్తం 60 డెసిబెల్‌ల అటెన్యుయేషన్, అంటే వచ్చినదాన్ని పది లక్షలో వంతుకు తగ్గించే ఏర్పాటు, పెడతాము. ఆ అరవైనీ ఒకే చోట ఎందుకు పెట్టకూడదని కొత్తగా చేరినవారందరినీ అడుగుతుంటాను. అన్నీ 4 కెల్విన్ల అంతస్తులోనే పెడితే, ఆ అటెన్యుయేటర్ తనే 4 కెల్విన్ల వస్తువు కాబట్టి దాని సొంత శబ్దం, అంటే 16 ఫోటాన్ల వరకు, నేరుగా చిప్ మీద పడుతుంది. అన్నీ అట్టడుగున పెడితే, పైనుంచి వచ్చిన పల్స్ శక్తి అంతా అక్కడే వేడిగా మారుతుంది. 20 మిల్లీకెల్విన్ల వద్ద డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ తోడెయ్యగలిగే వేడి పదుల మైక్రోవాట్లకు మించదు. అందుచేత 4 కెల్విన్ల దగ్గర 20, 100 మిల్లీకెల్విన్ల దగ్గర 20, అట్టడుగున 20 చొప్పున పంచుతారు. ఈ లెక్క వెయ్యడానికి క్వాంటం మెకానిక్స్ దాదాపు అక్కరలేదు, నాయిస్ టెంపరేచర్ పాఠం చాలు.

తిరుగుదారిలో సమస్య తలకిందులవుతుంది. క్యూబిట్ స్థితిని చెప్పే సంకేతం అతి బలహీనంగా ఉంటుంది కాబట్టి అక్కడ అటెన్యుయేటర్ పెట్టే వీలు లేదు. సంకేతాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే సర్క్యులేటర్లు, అట్టడుగున అతి తక్కువ శబ్దపు పారామెట్రిక్ యాంప్లిఫయర్, 4 కెల్విన్ల దగ్గర మరో తక్కువ శబ్దపు యాంప్లిఫయర్ వరుసగా వస్తాయి. ఆ రెండింటి మధ్య నియోబియం-టైటానియం కేబుల్ వాడతాము, ఎందుకంటే అది అతివాహకం కావడం వల్ల సంకేతాన్ని నష్టం లేకుండా మోస్తుంది, వేడిని మాత్రం చాలా తక్కువగా దింపుతుంది.

సిగ్నల్ ప్రాసెసింగ్ కూడా ఉంది. గేటు అంటే పదుల నానోసెకన్ల మైక్రోవేవ్ పల్స్. రెండో స్థాయి నుంచి మూడో స్థాయికి వెళ్లే మార్గం క్యూబిట్ పౌనఃపున్యానికి 200, 300 మెగాహెర్ట్జ్‌ల దూరంలోనే ఉంటుంది. పల్స్‌ను చతురస్రంగా, పొట్టిగా చేస్తే దాని వర్ణపటం వెడల్పై, క్యూబిట్ మూడో స్థాయికి జారిపోతుంది. కాబట్టి పల్స్ అంచులను సున్నితంగా మలచాలి, పల్స్‌ను తయారుచేసే ఐ-క్యూ మిక్సర్ లోపాలను సరిదిద్దాలి, ఎఫ్‌పీజీఏ (కావలసినట్టు అమర్చుకోగల చిప్) మీద నానోసెకన్ల లెక్కన సమయాన్ని పట్టాలి. మన దేశంలోనే ఉదాహరణ కావాలంటే, ముంబయిలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్, పుణెలోని డీఆర్‌డీఓ యువ శాస్త్రవేత్తల ప్రయోగశాల, టీసీఎస్ కలిసి చేపట్టిన 6 క్యూబిట్ల ప్రాసెసర్ 2024లో మొదటినుంచి చివరిదాకా పరీక్షలు పూర్తిచేసుకుంది. చిప్ రూపకల్పన, తయారీ టీఐఎఫ్ఆర్ చేసింది. నియంత్రణ, కొలత పరికరాలను పుణె బృందం మార్కెట్లో దొరికే ఎలక్ట్రానిక్స్‌కు సొంతంగా ప్రోగ్రామ్ చేసిన డెవలప్‌మెంట్ బోర్డులను కలిపి సమకూర్చుకుంది. మీ విద్యార్థులు చూడవలసింది ఈ రెండో పనిని.

కక్ష్యలెక్క ఇచ్చిన సమాధానం:

సూక్ష్మతరంగం గారు కంప్యూటర్ గురించి చెప్పారు కాబట్టి నేను మీ రెండో ప్రశ్న తీసుకుంటాను. ఉపగ్రహ నావిగేషన్ రంగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. క్వాంటం పరికరం ఇంకా రావలసి ఉందని ఎవరైనా అంటే నాకు కొంచెం విసుగు పుడుతుంది. సీజియం పరమాణువు రెండు స్థాయిల మధ్య 919,26,31,770 డోలనాలను ఒక సెకను అని ప్రపంచం 1967లోనే నిర్ణయించుకుంది. అప్పటినుంచి కాలాన్ని కొలిచే పని క్వాంటం ఇంజనీర్లదే, ఆ పేరు అప్పట్లో ఎవరూ పెట్టుకోలేదు గాని.

ఉపగ్రహంలో ఎక్కువగా ఉండేది రుబీడియం గడియారం. అది పనిచేసే తీరు విద్యార్థులకు తప్పక చెప్పవలసినది. రుబీడియం-87 దీపం నుంచి వచ్చే కాంతిలో రెండు దగ్గరి రేఖలుంటాయి. వాటిలో అక్కరలేని రేఖను రుబీడియం-85 ఆవిరి నింపిన గాజు గది పీల్చేస్తుంది. రెండు ఐసోటోపుల రేఖలు అలా కలిసిరావడం ప్రకృతి చేసిన మేలు. మిగిలిన కాంతి అసలు ఆవిరి గదిలోని పరమాణువులను ఒక కింది స్థాయి నుంచి ఖాళీ చేస్తుంది, దాంతో ఆవిరి ఆ కాంతికి పారదర్శకం అవుతుంది. అప్పుడు 6,834.68 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మైక్రోవేవ్ పంపితే, పౌనఃపున్యం సరిగ్గా కుదిరినచోట పరమాణువులు ఖాళీ అయిన స్థాయికి తిరిగివచ్చి మళ్లీ కాంతిని పీలుస్తాయి, ఫోటోడయోడ్‌కు చేరే వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గుదల నడిబిందువు మీద క్వార్ట్‌జ్ డోలకాన్ని బిగించి ఉంచడమే గడియారం పని. బయట నుంచి చూస్తే ఇది తప్పును తనే దిద్దుకునే ఒక సర్వో లూపు, ఒక ఫ్రీక్వెన్సీ సింథసైజర్, ఉష్ణోగ్రత కదలని ఒక పొయ్యి, కొన్ని అయస్కాంత కవచాలు.

దీని విలువ ఎంతో చెప్పడానికి మన అనుభవమే చాలు. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి గడియారం 10 నానోసెకన్లు తప్పితే దూరం 3 మీటర్లు తప్పుతుంది. 2013లో కక్ష్యలోకి వెళ్లిన మన నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలో ఉన్న మూడు దిగుమతి గడియారాలూ కొన్నేళ్లకే ఆగిపోవడంతో, మిగతా అంతా బాగానే ఉన్నా ఆ ఉపగ్రహం స్థాన నిర్ణయానికి పనికిరాకుండా పోయింది. ఆ తరువాత అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ తయారుచేసిన రుబీడియం గడియారం 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో పాటు నింగికెక్కింది. 2025 జనవరిలో దేశీయ గడియారాన్ని మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం ఒక వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేదు. అత్యంత సూక్ష్మమైన పరికరం భవిష్యత్తు ఒక్కోసారి అతి మామూలు భాగం మీద ఆధారపడి ఉంటుందని మీ విద్యార్థులకు చెప్పండి.

ఇప్పటి పరిశోధన స్ట్రాన్షియం వంటి పరమాణువుల మీద, మైక్రోవేవ్ బదులు దృశ్యకాంతితో నడిచే గడియారాల మీద సాగుతోంది. హిదెతోషి కటోరి బృందం రెండు స్ట్రాన్షియం గడియారాలలో ఒకదానిని టోక్యో స్కైట్రీ గోపురం కింద, మరొకదానిని 450 మీటర్ల ఎత్తున పెట్టి, పైనున్నది వేగంగా నడవడాన్ని కొలిచి 2020లో ప్రచురించింది. ఆ ఎత్తుకు తేడా రోజుకు సుమారు 4 నానోసెకన్లు. అంటే గడియారంతో ఎత్తును కొలవవచ్చు, భూమి పొరల కదలికను కూడా పసిగట్టవచ్చు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు ఒకదానిపై ఒకటి ఉంచిన రెండు చల్లని రుబీడియం మేఘాలను జారవిడిచి, వాటి మీద గురుత్వంలోని తేడాతో ఆరుబయట నేల కింద ఉన్న ఒక సొరంగాన్ని గుర్తించామని 2022లో ప్రకటించారు. రెండు మేఘాలకూ నేల అదురు ఒకేలా తగులుతుంది కాబట్టి తీసివేతలో అది పోతుంది, ఆ పద్ధతి అందం అక్కడే ఉంది. సింగరేణిలో పాత భూగర్భ గనుల మీద ఓపెన్‌కాస్ట్ తవ్వేచోట ఇటువంటి పరికరం అక్కరకు వస్తుందని నా ఊహ. అయితే అది గనిలో దుమ్ము, ఎండ తట్టుకునే స్థాయికి రావాలి.

పాతతాళం ఇచ్చిన సమాధానం:

నేను హైదరాబాద్‌లో బ్యాంకుల సమాచార భద్రత చూస్తాను. పై ఇద్దరూ చెప్పిన దానితో పేచీ లేదు గాని, కంప్యూటర్ విషయంలో విద్యార్థులకు ఒక హెచ్చరిక కూడా అందాలి. 156 క్యూబిట్ల యంత్రంతో ఏ బ్యాంకు తాళమూ తెరుచుకోదు. గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ 1994లో చూపిన పద్ధతితో 2,048 బిట్ల ఆర్ఎస్ఏ అనే రహస్య సంకేత పద్ధతిని ఛేదించడానికి 2 కోట్ల లోపభూయిష్ట క్యూబిట్లు కావాలని 2019లో వేసిన అంచనాను, గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ 2025లో 10 లక్షల లోపుకు తగ్గించాడు. ఆ తగ్గుదల పెద్దదే, మిగిలిన దూరం అంతకంటే పెద్దది. 2024 డిసెంబరులో గూగుల్ వారి 105 క్యూబిట్ల విల్లో చిప్, దోష సవరణ కోసం పేర్చిన క్యూబిట్ల జాలాన్ని మెట్టుమెట్టుగా పెంచినప్పుడల్లా తప్పులు 2.14 రెట్లు తగ్గాయని చూపింది. నాకు క్యూబిట్ల లెక్క కంటే ఆ నిష్పత్తే ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే అది ఒకటి కంటే తక్కువగా ఉంటే ఎన్ని క్యూబిట్లు పెంచినా తప్పులు పెరుగుతాయే తప్ప తగ్గవు.

అలాగని బ్యాంకులు నిమ్మళంగా కూర్చోవడం కుదరదు. ఈ రోజు దొంగిలించి దాచుకున్న సమాచారాన్ని పదిహేనేళ్ల తరువాత విప్పవచ్చు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2024 ఆగస్టులో క్వాంటం దాడులను తట్టుకునే మూడు కొత్త ప్రమాణాలను విడుదల చేసింది. ఇవి మామూలు కంప్యూటర్లలోనే నడుస్తాయి, కొత్త తీగలు అక్కరలేదు. ఫోటాన్లతో రహస్య తాళంచెవిని పంపే పద్ధతిని దీనికి పోటీగా చూపుతుంటారు. దాని ఇంజనీరింగ్ హద్దులు తెలుసుకోవాలి. ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ నష్టం అనుకుంటే, 100 కిలోమీటర్లకు వందలో ఒక ఫోటాన్, 300 కిలోమీటర్లకు పది లక్షల్లో ఒకటి మిగులుతుంది. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యం కాబట్టి మధ్యలో యాంప్లిఫయర్ పెట్టలేరు. డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ కలిసి 2022 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా ఈ పద్ధతిని మామూలు వాణిజ్య ఫైబర్ మీదే నడిపి చూపారు, అది గొప్ప పనే. అయితే అక్కడి నుంచి హైదరాబాద్ దాకా తేవాలంటే దారిలో తాళంచెవిని అందుకుని మళ్లీ ముందుకు పంపే నమ్మదగిన మజిలీలు కట్టాలి, ఆ మజిలీలకు కాపలా పెట్టాలి. సైన్యానికి, విద్యుత్ గ్రిడ్‌కు అది సబబు కావచ్చు, ఒక సహకార బ్యాంకు శాఖకు మాత్రం కాదు.

కృష్ణాతీరం తిరిగి రాసినది:

ముగ్గురికీ కృతజ్ఞతలు. అటెన్యుయేటర్ల లెక్కను అసైన్‌మెంట్‌గా, రుబీడియం గడియారాన్ని కంట్రోల్ సిస్టమ్స్ తరగతిలో ఉదాహరణగా ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. ఇంకొక్క సందేహం. డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ మా ఊహకు కూడా అందదు. గది ఉష్ణోగ్రత దగ్గర, ఒక మామూలు ప్రయోగశాల బల్ల మీద, విద్యార్థులు తమ చేతులతో ఒక క్వాంటం స్థితిని మార్చి చూడగల ప్రయోగం ఏదైనా ఉందా?

గులాబివజ్రం ఇచ్చిన సమాధానం:

ఉందండీ. నా పీహెచ్‌డీ పని వజ్రంలోని నత్రజని లోపాలతోనే. కర్బనం ఉండవలసిన చోట ఒక నత్రజని పరమాణువు, దాని పక్కన ఒక ఖాళీ ఉంటే, అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్ గది ఉష్ణోగ్రతలోనే చెప్పినట్టు వింటుంది. జాతీయ క్వాంటం మిషన్ కింద సెన్సింగ్ రంగానికి కేంద్రంగా ఉన్న ఐఐటీ బొంబాయి ఈ దారిలోనే వెళుతోంది. చిప్‌లలోని అయస్కాంత క్షేత్రాలను చిత్రించే వజ్రపు పరికరం కోసం టీసీఎస్‌తో చేయి కలిపింది. మీ కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన గోల్కొండ వజ్రాలకు నత్రజని దాదాపు లేకపోవడమే ప్రతిష్ఠ, మాకు మాత్రం ఆ మాలిన్యమే కావాలి. ఈ లోపాలను ఉద్దేశపూర్వకంగా పెంచిన కృత్రిమ వజ్రపు పలకలు, పొడి కొనుక్కోవచ్చు.

బల్ల మీద ఉండవలసినవి: 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్, వజ్రం, ఎరుపును మాత్రమే పోనిచ్చే ఫిల్టర్, ఫోటోడయోడ్, 2.87 గిగాహెర్ట్జ్ చుట్టూ పౌనఃపున్యం మార్చగల మైక్రోవేవ్ సోర్సు, వజ్రం పక్కన ఒక చిన్న రాగి తీగ చుట్ట. ఆకుపచ్చ కాంతి పడగానే వజ్రం ఎరుపుగా మెరుస్తుంది, స్పిన్ కూడా సున్నా స్థితిలోకి చేరుతుంది. మైక్రోవేవ్‌ను నెమ్మదిగా మారుస్తూ పోతే సరిగ్గా 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర ఎరుపు కాంతి ఒకటి రెండు శాతం తగ్గి, గ్రాఫ్‌లో ఒక గుంట పడుతుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ గుంట రెండుగా చీలుతుంది, ఒక్కొక్కటి గాస్‌కు (అయస్కాంత క్షేత్రపు కొలమానం) 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున పక్కకు జరుగుతుంది. పలక ఒకే స్ఫటికమైతే లోపాలు నాలుగు దిశల్లో ఉంటాయి కాబట్టి ఎనిమిది గుంటలు కనిపిస్తాయి, వాటి స్థానాల నుంచి క్షేత్రం దిశను కూడా రాబట్టవచ్చు. పొడి వాడితే దిశలన్నీ కలగలిసి ఆ గుంట వెడల్పవుతుందే గాని విడివిడిగా చీలదు, కాబట్టి చవక అని పొడితో మొదలుపెట్టినా ఒక చిన్న పలక కూడా తెప్పించుకోండి.

ఎదురయ్యే చిక్కులు రెండు. ఒకటి, లేజర్ వెలుగు తనంతట తానే ఒక శాతం మేర ఊగుతుంది, మీరు వెతికే గుంట లోతు కూడా అంతే. మైక్రోవేవ్‌ను కిలోహెర్ట్జ్ వేగంతో ఆపి తెరుస్తూ అదే వేగంతో మారే సంకేతాన్ని మాత్రమే పట్టే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో చదివితే ఆ ఊగిసలాట పోతుంది. లాక్-ఇన్ లేకపోతే సౌండ్ కార్డుతోనో, చౌక మైక్రోకంట్రోలర్‌తోనో ఆ పని చేసే ప్రోగ్రామ్‌ను విద్యార్థుల చేత రాయించండి, సగం పాఠం అక్కడే అయిపోతుంది. రెండోది వేడి. వజ్రం ఒక డిగ్రీ వేడెక్కితే గుంట 74 కిలోహెర్ట్జ్ కిందికి జరుగుతుంది. క్షేత్రం వల్ల రెండు గుంటలూ ఎదురెదురు దిక్కులకు జరుగుతాయి, వేడి వల్ల రెండూ ఒకే దిక్కుకు జరుగుతాయి, కాబట్టి తేడాను తీసుకుంటే క్షేత్రం, సగటును తీసుకుంటే ఉష్ణోగ్రత విడిగా వస్తాయి. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్. దాని వల్ల వచ్చే చీలిక 2 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే కాబట్టి మామూలు పలకలో అది గుంట వెడల్పులోనే కలిసిపోతుంది, మొదటి ఏడాది దాని జోలికి పోకుండా స్పీకర్ అయస్కాంతంతో చేయించండి. ఆ లేజర్‌కు తగిన రక్షణ కళ్లద్దాలు లేకుండా మాత్రం విద్యార్థులెవరినీ గదిలోకి రానివ్వకండి.